అడిగేవాడు, చెప్పేవాడు, మధ్యలో మానిక

1975లో పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా ఔరేపల్లికి చదువుకున్న యువకుడొకడు వచ్చి మకాం పెట్టాడు. బడిపంతులు కాదు, పట్వారీ కాదు, ఎరువులు అమ్ముకునేవాడూ కాదు. అప్పివ్వడు, లోను ఇప్పించడు. చేసే పనల్లా మూడు నాలుగు వారాలకొకసారి కొన్ని ఇళ్ళకు పోయి కూర్చుని అడగడమే. ఏ చెలకలో ఏం పని చేశారు, ఎడ్లను ఎన్ని పూటలు కట్టారు, కూలి ఎంత ముట్టింది, దుకాణంలో ఏం తెచ్చారు, ఎవరికి బదులిచ్చారు, ఎవరి దగ్గర బదులు తెచ్చుకున్నారు? అన్నీ రాసుకుని పోతాడు. మళ్ళీ వస్తాడు. అడిగే మనుషులు మారినా ఆ రాత పదేళ్ళు ఆగలేదు.

హైదరాబాదుకు దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, ఆముదం, జొన్న పండే, కల్లుగీత మీద చాలా కుటుంబాలు బతికే మామూలు మెట్ట ఊరది. జిల్లాలు మారాక ఇప్పుడు రంగారెడ్డి లెక్కలోకి వచ్చింది. పక్క జిల్లా వాళ్ళకు ఆ పేరు తెలియకపోవచ్చు గాని, అమెరికా విశ్వవిద్యాలయాల్లో బీదరికం మీద, రిస్కు మీద పాఠాలు చెప్పే ఆర్థికవేత్తలకు బాగా తెలుసు. ఆ యువకుల కాగితాల కట్టలే దానికి కారణం.

‘డేటా సేకరణ’ అనే మాట వింటే రాలిన మామిడికాయలను ఏరి గంపలో వేసుకున్నట్టు అనిపిస్తుంది. కాయలు అక్కడే ఉన్నాయి, వంగి ఏరుకోవడమే తరువాయి అన్నట్టు. ఇంటింటి ఆర్థిక సర్వేల్లో చెట్టు కింద ఏమీ రాలి ఉండదు. ఒక కుటుంబం నెల ఖర్చు ఎంత అన్న అంకె ఆ ఇంట్లో ఎవరి దగ్గరా సిద్ధంగా ఉండదు. అడిగినప్పుడే అది పుడుతుంది, అడిగిన తీరును బట్టే దాని రూపం ఉంటుంది. దేశంలో బీదలెందరో చెప్పే శాతాల నుంచి నిరుద్యోగం లెక్కల దాకా చాలా అంకెల పుట్టుక ఇలాంటిదే.

ఉడకని మెతుకు

ఆ యువకుడిని పంపింది పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిసాట్ అనే పరిశోధన సంస్థ. దాని పని జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ లాంటి మెట్ట పంటల మీద పరిశోధన. క్షేత్రంలో బ్రహ్మాండంగా పండిన వంగడం రైతు చేనుకు ఎందుకు పోదు అనేది అక్కడి ఆర్థికవేత్తలను వేధించిన ప్రశ్న. డబ్బు లేకా, నీళ్ళు లేకా, నష్టపోతామన్న భయమా? జేమ్స్ ర్యాన్, హాన్స్ బిన్స్‌వాంగర్, ఎన్.ఎస్. జోధా వంటివాళ్ళు దీన్ని ఆఫీసులో కూర్చుని తేల్చలేమని ఊళ్ళ దారి పట్టారు. మూడు జిల్లాలు ఎంచుకున్నారు. ఎర్రనేల, నమ్మకం లేని వానలకు మహబూబ్‌నగర్. లోతైన నల్లరేగడికి షోలాపూర్. అక్కడ వానాకాలం భూమిని బీడుగా ఉంచి, నేలలో నిలిచిన తేమతో యాసంగి పంట తీస్తారు. వానలు కాస్త నమ్మదగ్గవిగా ఉండే పత్తి ప్రాంతానికి అకోలా. జిల్లాకు రెండు ఊళ్ళు. మన వైపు ఔరేపల్లి, డోకూరు. అటు మహారాష్ట్రలో షిరాపూర్, కల్మాన్, కంజారా, కింఖేడా.

ఊరంతా రాయడం కుదరదు. ఊరికి 40 ఇళ్ళు చొప్పున ఆరూళ్ళకు 240. ‘అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు చాలు’ అంటాం కదా, శాంపిల్ సర్వేల గురించి చెప్పేవాళ్ళు ఈ సామెతనే వాడుతుంటారు. నాకు అది పూర్తిగా నచ్చదు. ఒక కుండలో ఒకే బియ్యం, ఒకే మంట అయితే ఒక మెతుకు సరిపోతుంది. ఊరు ఆ కుండ కాదు. ఒక పక్క అన్నం పొంగుతుంటుంది, ఇంకో పక్క ఎసరే పెట్టి ఉండదు. ఏ మెతుకు పట్టుకుంటామన్నది చేతివాటం మీద ఆధారపడితే ఊరిలో నలుగురికీ కనిపించే, రోడ్డు పక్కన ఉండే, కుర్చీ వేసి కూర్చోబెట్టే ఇళ్ళే లెక్కలోకి వస్తాయి. అందుకే ముందు ఊరి కుటుంబాలన్నిటి జాబితా రాసుకున్నారు. భూమిని బట్టి నాలుగు గుంపులు చేశారు: కూలి మీద బతికేవాళ్ళు, చిన్న రైతులు, మధ్య తరగతి రైతులు, పెద్ద రైతులు. ఒక్కో గుంపు నుంచి పదేసి ఇళ్ళు, ఎవరి ఇష్టాయిష్టాలతోనూ పని లేకుండా, చీటీ తీసినట్టు తీశారు. చిన్న రైతు అంటే ఎన్ని ఎకరాలు అనే గీత కూడా అన్ని ఊళ్ళకూ ఒకటి కాదు. అకోలాలో చిన్నవాడు అనిపించుకునేవాడు ఇంకోచోట మధ్యస్థుడు కావచ్చు. ఏ ఊరి గీత ఆ ఊరిదే.

ఇక్కడ ఒక చిక్కు దాగి ఉంది. ఊళ్ళో పెద్ద రైతులు కొందరే ఉంటారు, కూలీలు చాలామంది. గుంపుకు పదేసి అంటే పెద్ద రైతులకు వాళ్ళ సంఖ్యకు మించిన వంతు దక్కినట్టే. 40 ఇళ్ళ ఆదాయాలు కూడి 40తో భాగించి ‘ఇదీ ఔరేపల్లి సగటు’ అనేస్తే ఊరు ఉన్నదానికంటే కలిగినదిగా కనిపిస్తుంది. ప్రతి ఇంటికీ అది ఎన్ని ఇళ్ళ తరఫున మాట్లాడుతోందో అంత బరువు కట్టాలి. ఈ బరువులు మరిచిపోయి తీసిన సగటులు పత్రికల్లో ఇప్పటికీ కనిపిస్తుంటాయి.

మానికెడు జొన్నలు

అడగడం ఎంత కష్టమో చెప్పడానికి ఒక సంభాషణ ఊహించుకుందాం. అడిగేది ఆ కాగితాల కుర్రవాడు, చెప్పేది కూలికి పోయే ఒకామె.

‘మొన్న ఐతారం ఎవరి చేన్ల పనికి పోయినవ్, అక్కా?’

‘పటేలు చేన్లకు. కలుపుకు పోయిన.’

‘కూలి ఎంతిచ్చిన్రు?’

‘పైసలు యాడియి? మానికెడు జొన్నలు కొలిచిన్రు. పొద్దుగాల గటుక పోసిన్రు.’

నాలుగు ముక్కల్లో అయిపోయిన జవాబు. దీన్ని రూపాయల గడిలో రాయాలంటే కుర్రవాడు ఎన్ని తేల్చుకోవాలో చూడండి. మానిక కొలత, తూకం కాదు. మానికెడు జొన్నలు, మానికెడు ఆముదాలు ఒకే బరువు తూగవు. ఏ మానిక? గింజలు ఇచ్చేటప్పుడు ఒకటి, తీసుకునేటప్పుడు ఇంకొకటి ఉండే ఇళ్ళు ఉన్నాయి. తలగొట్టి కొలిచారా, గోపురంగా పోశారా? కిలోల్లోకి మార్చాక ధర ఏది కట్టాలి? దుకాణంలో ఆమె కొనుక్కునే ధరా, కల్లంలో రైతు అమ్మే ధరా? పొద్దున పోసిన గటుక కూలిలో భాగమా, మర్యాదా? అసలు ఆ జొన్నలు ఆనాటి పనికేనా, లేక పోయిన ఎండాకాలం తెచ్చుకున్న బదులులో కోత పోగా మిగిలినవా? ఏ ప్రశ్నకు ఏ జవాబు ఎంచుకున్నా ఆమె రోజు కూలి మారిపోతుంది. తప్పొప్పుల మాట తర్వాత, ముందు కావలసింది ఒకే రకంగా రాయడం. 240 ఇళ్ళలో, ఏళ్ళ తరబడి, ఊరూరి మానికకు తూకం కట్టి అదే పద్ధతిలో రాస్తేనే ఈ ఇంటిని ఆ ఇంటితో, ఈ ఏడును ఆ ఏడుతో పోల్చగలం.

ఏడాది జీతానికి ఉండే జీతగాడి సంగతి మరీ చిక్కు. కొంత ముందే అప్పుగా తీసుకుంటాడు, కొంత గింజలుగా, మిగతాది చెప్పులుగా, గొంగడిగా ముడుతుంది. భూమి కొలతలూ అంతే. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, కోస్తాలో ఎకరానికి 100 సెంట్లు. కాలం లెక్క ఇంకొకటి. ‘జూన్ రెండో వారంలో విత్తారా?’ అంటే మనిషి తడుముకుంటాడు. ‘మిరుగు ముందా, వెనకా?’ అంటే వెంటనే చెబుతాడు. బట్టలు ఎప్పుడు కొన్నారంటే గుర్తుండదు, బతుకమ్మకు ముందా అంటే గుర్తొస్తుంది. అప్పటి ఇక్రిసాట్ పరిశోధకులు ఆ ప్రాంతపు భాష వచ్చిన, పల్లెలో పెరిగిన, వ్యవసాయ అర్థశాస్త్రం చదివిన కుర్రవాళ్ళనే ఈ పనికి తీసుకుని, ఊళ్ళోనే ఉండమనడం వెనక కారణం ఇదే.

ఊళ్ళో ఉంటే ఇంకో లాభం. జనం కొన్ని చెప్పరు. అప్పులు చెప్పరు, కల్లు ఖర్చు చెప్పరు, బంగారం అసలే చెప్పరు. కూలి తక్కువ ఇచ్చే రైతు ఎక్కువ చెబుతాడు. రోజూ ఊళ్ళో కనపడేవాడికి ఇవన్నీ ఒక్కొక్కటిగా బయటపడతాయి. పోయినసారి ఒక ఎద్దే అన్న ఇంటి కొట్టంలో ఇవాళ రెండున్నాయంటే అడగొచ్చు. అప్పుడు తెలుస్తుంది, అమ్మిన మేకలెన్నో, ఎవరి దగ్గర ఎంత తెచ్చారో. అలాగని తరచూ పోవడం అన్నిటికీ మందు కాదు. పదే పదే అడిగించుకునేవాళ్ళకు ప్రశ్నల గుట్టు తెలిసిపోతుంది. ‘ఎద్దును అమ్మాం’ అంటే దాని మీద ఇంకో ఇరవై ప్రశ్నలు వస్తాయని అర్థమైన మనిషి, పొలానికి పోయే తొందరలో, ‘ఈ నెల ఏమీ అమ్మలేదు’ అనేస్తాడు. ఇది అబద్ధం కాదు, అలసట.

ఏడు రోజులా, ముప్పై రోజులా

ఇప్పుడు మీ వంతు. పోయిన నెల మీ ఇంట్లో కందిపప్పు ఎంత ఖర్చయింది? నూనె? పోయిన వారం?

దేశవ్యాప్తంగా ఇలాంటి ప్రశ్నలు అడిగే జాతీయ శాంపిల్ సర్వే 1950లో మొదలైంది. దాని వెనక మనిషి ప్రశాంత చంద్ర మహలనోబిస్. ముందు పదేళ్ళకు పైగా బెంగాల్లో జనప పంట విస్తీర్ణాన్ని శాంపిల్ పద్ధతిలో అంచనా వేసి చేయి తిరిగినవాడు. ఆయనకు ఒక మంచి అలవాటు ఉంది: తన కొలబద్దను తానే అనుమానించడం. ఒకే ప్రాంతానికి రెండు వేర్వేరు శాంపిల్స్ తీసి, రెండు బృందాలతో విడివిడిగా సర్వే చేయించేవాడు. రెండు జవాబులు ఎంత దూరంగా ఉంటే లెక్కలో అంత లొసుగు ఉన్నట్టు. 1952లో ఆయన, సహచరుడు సేన్ కలిసి తిండి ఖర్చు మీద కూడా ఇలాంటి పరీక్షే పెట్టారు. కొన్ని ఇళ్ళను పోయిన వారం ఖర్చు అడిగారు, కొన్నిటిని పోయిన నెలది. మరికొన్ని ఇళ్ళకు రోజూ పోయి వండే సరుకును తూచారు. తూచిన లెక్కకు దగ్గరగా వచ్చింది నెల జవాబే. వారం అడిగినప్పుడు జనం ఉన్నదానికంటే ఎక్కువ చెప్పారు.

మన ఊహకు ఇది ఎదురు. నిన్నమొన్నటిది బాగా గుర్తుండాలి కదా? మరుపు ఒక్కటే అయితే అంతే. దానికి తోడు ఇంకో గుణం ఉంది. పది రోజుల కిందట తెచ్చిన నూనె డబ్బాను మనసు ముందుకు లాక్కొచ్చి ‘పోయిన వారమే కదా’ అంటుంది. పెద్ద కొనుగోలు అయితే మరీను. దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించే ఈ గుణానికి సర్వే శాస్త్రంలో టెలిస్కోపు పేరే పెట్టారు. మరుపు లెక్కను తగ్గిస్తుంది, ఇది పెంచుతుంది. వారం అడిగితే పెంచేది గెలుస్తుంది, నెల అడిగితే తగ్గించేది బలపడుతుంది.

ఇందులో పెద్ద విశేషం ఏముందని అనిపించవచ్చు. 1994, 1998 మధ్య నడిచిన 51 నుంచి 54 వరకు రౌండ్లలో సర్వే సంస్థ ఇళ్ళను రెండు భాగాలు చేసింది. ఒక భాగానికి పాత పద్ధతిలో 30 రోజుల ప్రశ్న. రెండో భాగానికి తిండి సరుకులకు 7 రోజులు, బట్టలు, పెద్ద సామాను వంటివాటికి 365 రోజులు. అదే దేశం, అదే ఏడాది, అదే దారిద్ర్య రేఖ. రెండో పద్ధతిలో చూస్తే బీదల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది! ఒక్క పథకం పెట్టలేదు, ఒక్క రూపాయి పంచలేదు. అడిగే మాట మార్చేసరికి కోట్లమంది గీత దాటేశారు.

తర్వాత జరిగింది ఇంకా రసవత్తరం. 1999-2000లో జరిగిన 55వ రౌండులో వారం లెక్క కావాలనేవాళ్ళనూ నెల లెక్క కావాలనేవాళ్ళనూ తృప్తిపరచాలని కాబోలు, ఒకే ఇంటిని తిండి గురించి వారం లెక్కా, నెల లెక్కా రెండూ పక్కపక్క గడుల్లో అడిగారు. చెప్పేవాడు వారానికి కిలో చక్కెర అన్నాక నెలకు నాలుగు కిలోలనే అంటాడు, రెండున్నర అనడు. అడిగేవాడూ సరిచూసుకుంటాడు. ఒక గడి ఇంకో గడిని పాడుచేసింది. ఆ సర్వే ప్రకారం బీదరికం 1993-94 నాటి 36 శాతం నుంచి 26 శాతానికి దిగింది. ఆర్థిక సంస్కరణల ఫలితమని ఒక పక్షం పండుగ చేసుకుంది, గడుల ఫలితమని ఇంకో పక్షం కొట్టిపారేసింది. ఏంగస్ డీటన్ వంటి ఆర్థికవేత్తలు ఆ సర్వేలో ప్రశ్న మారని కట్టెలు, కిరాయిల వంటి ఖర్చులను పట్టుకుని, వాటి ద్వారా మిగతాది అంచనా వేసి చూశారు. బీదరికం తగ్గింది గాని అధికారిక లెక్క అన్నంత కాదని వాళ్ళు తేల్చారు. నా మటుకు నాకు ఈ గొడవలో నచ్చింది ఆ ఉపాయమే. దెబ్బతిన్న డేటాలో కూడా దెబ్బ తగలని చోటు ఎక్కడుందో వెతికి, అక్కడ కాలు పెట్టి నిలబడ్డారు.

ఇప్పటి సర్వేల్లో ఒక మధ్యే మార్గం నడుస్తోంది. కూరగాయలు, పండ్లు, నూనె, గుడ్లు, మాంసం వంటివి 7 రోజులకు, బట్టలు, చదువు, సామాను 365 రోజులకు, మిగతావి 30 రోజులకు అడుగుతారు. 2022-23లో 2,61,746 ఇళ్ళలో ఇలాగే చేశారు. అంతకుముందుదాకా ఒక్కసారి కూర్చోబెట్టి అడిగేదాన్ని ఈసారి మూడు విడతలుగా విడగొట్టారు. మూడు వందలకు పైగా సరుకుల పట్టికను ఒక్క ఊపున చదివితే చివరి వంద సరుకులకు ఏ ఇల్లాలైనా ‘లేదు, లేదు’ అనే అంటుంది కదా. పద్ధతి బాగుపడింది, సంతోషమే. దాంతోపాటు పాత అంకెలతో పోల్చే దారి మరికాస్త ఇరుకైంది. పైగా 2017-18 సర్వేను నాణ్యత బాగాలేదంటూ ప్రభుత్వం విడుదలే చేయలేదు. మధ్యలో ఒక మెట్టు లేని మెట్లదారి అది.

బొమ్మా, బొరుసా

మళ్ళీ పాలమూరుకు వద్దాం. రైతు కొత్త వంగడానికి ఎందుకు జంకుతాడు అన్న ప్రశ్న అలాగే ఉంది కదా. బిన్స్‌వాంగర్ మొదట మాటల్లోనే అడిగించి చూశాడు: ఇలా అయితే ఏం చేస్తారు, అలా అయితే ఏం చేస్తారు అని. జవాబులు వచ్చాయి. కానీ అవి అడిగే మనిషిని బట్టి మారాయి. అంటే ఆ కాగితంలో కనిపించింది రైతు భయమా, అడిగినవాడి నీడా?

అప్పుడాయన నిజం డబ్బుతో ఆట పెట్టాడు. కొన్ని జతలు చూపించి ఒకటి ఎంచుకోమంటారు. ఒక జతలో బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలే. ఇంకో దాంట్లో ఒక పక్కకు 40, రెండో పక్కకు 120. ఇంకో దాంట్లో 30, 150. అన్నిటికంటే తెగింపు జతలో ఒక వైపు సున్నా, ఇంకో వైపు 200. ఎంచుకున్నాక నాణెం ఎగరేస్తారు, పడినదాన్ని బట్టి డబ్బు చేతిలో పెడతారు. అర్ధ రూపాయి ఆటలతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. పై ఆటల్లో గెలిచేది మామూలు కూలీ నెల సంపాదన కంటే ఎక్కువ. ఆలోచించుకోవడానికి గడువు కూడా ఇచ్చారు.

చిన్న మొత్తాల దగ్గర రకరకాల మనుషులు కనిపించారు. డబ్బు పెరిగేకొద్దీ తేడాలు పోయాయి. పెద్ద ఆటలో దాదాపు అందరూ ఒక మోస్తరు జాగ్రత్తపరులే. బీదవాడు పిరికివాడు, కలిగినవాడు తెగించేవాడు అన్న అభిప్రాయానికి ఆధారం దొరకలేదు. ఆస్తి ప్రభావం ఉన్నా అది లెక్కకు నిలిచేంత కాదు. అంటే పెద్ద రైతు కొత్త పంట వేసి చిన్న రైతు వేయలేదంటే తేడా గుండెధైర్యంలో కాక, చేతికందే అప్పులోనో నీళ్ళలోనో వెతకాలి. 1980లో అచ్చయిన ఆ వ్యాసం తర్వాత పల్లెల్లో నిజం డబ్బుతో ఆడించే ప్రయోగాలు చాలా దేశాలకు పాకాయి. మాటల్లో అడిగిన జవాబులకూ ఆటలో తేలినదానికీ పొంతనే లేదని ఆ వ్యాసం నిక్కచ్చిగా రాసింది. తన తొలి పద్ధతి తప్పిందని అచ్చులో చెప్పుకోవడం ఎప్పుడూ ఉండే సంగతి కాదు.

ఆ కట్టల్లోంచి ఇంకా ఎన్నో కథలు బయటికొచ్చాయి. పెళ్ళిళ్ళ లెక్కే చూడండి. ఆదాయం ఒడిదుడుకులుగా ఉండే ఇళ్ళవాళ్ళు ఆడపిల్లలను దూరపు ఊళ్ళకు ఇస్తున్నారని మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ 1989లో చూపించారు. ఇక్కడ వాన పడని ఏడు అక్కడ పడవచ్చు, వియ్యంకుడు ఆదుకోవచ్చు. తిండి ఖర్చులో ఎగుడుదిగుళ్ళు అలాంటి ఇళ్ళలో తక్కువగా ఉన్నాయి. వియ్యాన్ని బీమా పాలసీగా చూడటం మనకు కాస్త చివుక్కుమనిపిస్తుంది గాని, కరువు చూసిన పెద్దవాళ్ళు కాదనరు.

1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ ఔరేపల్లి, షిరాపూర్, కంజారా లెక్కలతో ఇంకా పెద్ద మాట అన్నాడు. ఒక ఇంటి ఆదాయం ఈ ఏడు పడిపోయినా ఆ ఇంటి తిండి అంతగా పడిపోవడం లేదు, ఊరి సగటుతో పాటే నడుస్తోంది. అంటే చేబదుళ్ళు, సాయాలు, నిల్వ గింజలు కలిసి ఊరే ఒక బీమా కంపెనీలా పనిచేస్తోందని, భూమి లేనివాళ్ళకు మాత్రం ఆ రక్షణ తక్కువని. ఈ వ్యాసం పేరు తెలియని అభివృద్ధి ఆర్థికవేత్త ఉండడు.

కానీ మూడేళ్ళ తర్వాత మార్టిన్ రావలియన్, శుభం చౌధురి ఆ కాగితాలనే తిరగేసి ఒక ప్రశ్న వేశారు. తిండి ఎంత అన్నది ఎలా వచ్చింది? ఇంటికి వచ్చినదాంట్లోంచి అమ్మినది, ఇచ్చినది, దాచినది తీసేయగా మిగిలినదాన్ని తిన్నట్టు కట్టారు. ఈ కూడికలూ తీసివేతల్లో ఒక బస్తా అటో ఇటో పడినా ఆ తప్పంతా చివరికి తిండి గడిలోకే చేరుతుంది. వేరే రకంగా లెక్కకట్టి చూస్తే ఇంటి ఆదాయానికీ తిండికీ ముడి టౌన్‌సెండ్ చెప్పినదానికంటే గట్టిగానే కనిపించింది. బీమా ఉంది గాని అంత నిండుగా లేదు. మానికెడు జొన్నలను ఏ గడిలో రాశారన్నది ఇరవై ఏళ్ళ తర్వాత అమెరికా పత్రికల్లో వాదమై కూర్చుంది. అసలు లెక్కలు దాచుకోకుండా అందరికీ ఇచ్చారు కాబట్టే ఆ వాదం సాధ్యమైంది.

తలుపు తీసేదెవరు

ఎవరిని అడిగారన్నది కూడా ఒక కొలతే. ఇంటి పెద్దను ‘మీ ఆవిడ ఏం చేస్తుంది?’ అంటే ‘ఏమీ లేదు, ఇంట్లోనే’ అంటాడు. జాతీయ సర్వేలో ఆ జవాబుకు కోడ్ 92, ఇంటి పనులు. కట్టెలు, గడ్డి తెచ్చుకోవడం లాంటివి కూడా చేస్తే కోడ్ 93. రెండూ శ్రామికుల లెక్కలో లేవు. 2019లో కాల వినియోగ సర్వే చేసినప్పుడు పని పేరు అడగలేదు. పొద్దున నాలుగు నుంచి మర్నాడు పొద్దున నాలుగు దాకా అరగంట చొప్పున ఏం చేశారని అడిగారు. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు దానిలోనే ఉన్నారని తేలింది, ఇంటిపని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. ‘ఏమీ లేదు’ అంటే దాదాపు ఐదు గంటలన్నమాట.

ఇప్పుడు కాగితాల బదులు ట్యాబ్లెట్లు వచ్చాయి. తప్పు గడిలో రాస్తే అది ఒప్పుకోదు, ఎక్కడ కూర్చుని నింపారో ఎంతసేపు అడిగారో కూడా నమోదవుతుంది. చెట్టు కింద కూర్చుని ఫారాలు నింపేయడం కష్టమైంది. కానీ ట్యాబ్లెట్ తలుపు తీయించలేదు. పల్లెలో అడిగేవాడికి మంచం వాల్చి మంచినీళ్ళిస్తారు. నగరంలో గేటెడ్ కాలనీ వాచ్‌మన్ లోపలికి పంపడు. జవాబివ్వనివాళ్ళు బీదలూ డబ్బున్నవాళ్ళూ సమానంగా ఉంటే పెద్ద నష్టం లేదు. డబ్బున్నవాళ్ళే ఎక్కువగా తప్పుకుంటే దేశపు ఖర్చూ అసమానతా రెండూ తక్కువగా కనిపిస్తాయి. ఇది మన ఒక్కరి బాధ కాదు. బ్రిటన్‌లో ఉద్యోగాల సర్వేకు జవాబిచ్చేవాళ్ళు సుమారు 17 శాతానికి పడిపోయి, 2023 అక్టోబరులో అక్కడి గణాంక కార్యాలయం నిరుద్యోగం అంకెల విడుదలనే కొన్నాళ్ళు ఆపుకోవలసి వచ్చింది.

మనుషులను అడగకుండానే తేల్చేద్దామన్న ఆశ కొందరిది. రాత్రిపూట ఉపగ్రహాలకు కనిపించే దీపాలు, ఫోన్ వాడకం తీరు చూసి ఎవరు కలిగినవాళ్ళో చెప్పే పద్ధతులు వచ్చాయి. 2015లో జాషువా బ్లూమెన్‌స్టాక్ బృందం రువాండాలో 15 లక్షల మంది ఫోన్ రికార్డులతో అలాంటి పటం తయారుచేసింది. అద్భుతమైన పని. కాని ఏ రకం ఫోన్ వాడకం ఎంత ఆస్తికి గుర్తో యంత్రానికి నేర్పడానికి ముందుగా 856 మందికి ఫోన్ చేసి, మీ ఇంట్లో ఏమేమి ఉన్నాయని అడగవలసి వచ్చింది.

ఔరేపల్లి లెక్కలు 1980ల మధ్యలో ఆగి 2001లో మళ్ళీ మొదలయ్యాయి. 2009 తర్వాత ఊళ్ళు పెరిగి ఇండియా, బంగ్లాదేశ్ కలిపి 42 అయ్యాయి. అప్పటి ప్రకాశం జిల్లా పమిడిపాడు, జె.సి. అగ్రహారం అందులోవే. 2001లో తిరిగి వచ్చిన సర్వేవాళ్ళ చేతిలో పాత ఇళ్ళ నంబర్లున్నాయి, ఆ మనుషులు చాలామంది మాత్రం అక్కడ లేరు. పాలమూరు అంటేనే వలస. మేస్త్రీ వెంట డ్యాములకూ కాలువలకూ పోయినవాళ్ళు, హైదరాబాదులో స్థిరపడ్డవాళ్ళు, పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లలు. ఊళ్ళో మిగిలినవాళ్ళనే అడిగితే ముప్పై ఏళ్ళలో ఎవరు బాగుపడ్డారో సగమే తెలుస్తుంది. 2005-06లో పాత ఇళ్ళలో పెరిగినవాళ్ళు ఎక్కడున్నా వెతికి అడిగే ప్రయత్నం కూడా జరిగింది.

దొరికిన ఇళ్ళలోనూ తంటాలే. సర్వే భాషలో కుటుంబం అంటే ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు. 1975లో ఒక నంబరు కింద ఉన్న ఇంట్లో ముగ్గురు కొడుకులు వేరు పడితే మూడు పొయ్యిలు, మూడు నంబర్లు. భూమిని మూడు ముక్కలు చేసి రాసుకోవచ్చు, ఎడ్లను పంచి రాసుకోవచ్చు. తల్లి మాత్రం నెలకొక కొడుకు ఇంట్లో వంతులవారీగా తింటుంది. ఫారం నింపేవాడు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు: ఆమెను ఏ నంబరు కింద రాయాలి?